కాటుక చుక్క పెట్టిన గుడ్లు

మా ఇంట్లో సింగపూరు వాతావరణం ఉండే గది ఒక్కటే. అది మా అత్తగారిది. మిగిలిన రెండు గదులూ హాలూ నా పుణ్యమా అని ఏడాది పొడవునా చలికాలంలో ఉంటాయి. ఈ ఊరొచ్చిన కొత్తలో ఉక్క భరించలేక ఏసీకి అలవాటుపడ్డాను. ఆ అలవాటు ముదిరి, బూట్లు విప్పకముందే రిమోట్ వెతుక్కునే స్థితికి వచ్చాను. అత్తగారు మాత్రం వచ్చిన రోజే తన గదిలో ఏసీ కట్టేయించి, కిటికీలు బార్లా తెరిపించి, "ఇదేంటండీ అల్లుడుగారూ, మనుషుల్ని చేపల్లాగా ఐసులో పెట్టేత్తారా?" అన్నారు.

రెండోరోజు ఇడ్లీపిండి రుబ్బి వంటింట్లో పెట్టారు. పొద్దుటికి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడ గిన్నె తీసుకెళ్ళి తన మంచం పక్కన పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే పిండి పొంగి మూత ఎత్తేసింది. ఆ రోజునుంచీ మా ఇంట్లో ఇడ్లీపిండి అత్తగారి గదిలోనే పొంగేది.

మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయితే సాయానికి వచ్చారు. మావయ్యగారు రొయ్యల చెరువు వదిలి రానన్నారు. రెండు నెలలు తిరిగేసరికి మా ఆవిడ లేచి ఆఫీసుకి వెళ్ళిపోయింది, పాప ఎలాగూ బడికి పోతుంది, బట్టలు మెషిను ఉతుకుతుంది. అత్తగారికి చేయడానికి పని లేకుండా పోయింది. కోనసీమలో పొద్దున్న నాలుగింటికి లేచే మనిషి. ఇక్కడ సోఫా అంచున కూర్చుని, నేను హాల్లోకి రాగానే లేచి నిలబడి, "టికెట్టు ఎప్పుడు తీయిత్తారండీ?" అని అడగడమే పనైపోయింది. నేనేదో వారం చెప్పేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆవిడ వెళ్ళిపోతే బాగుండుననే ఉండేది. నేను వస్తే లేచి నిలబడే మనిషి ముందు కాళ్ళు చాపుకుని టీవీ చూడటం ఎంత ఇబ్బందో అల్లుళ్ళకే తెలుసు.

మేముండేది సెరంగూన్‌లో పాత బ్లాకు, రెండో అంతస్తు. గుమ్మం ముందు అందరూ నడిచే పొడుగాటి వరండా, పిట్టగోడకి ఆనుకుని పెద్ద చెట్టు కొమ్మలు. ఆ వరండాలో ఏడేళ్ళుగా మట్టికుండీలో కరివేపాకు చెట్టు పెంచుతున్నాను. ఒకరోజు బ్లాకు వాళ్ళు నోటీసు అంటించారు. నడవడానికి అడ్డమొచ్చే కుండీలన్నీ ఆదివారంలోగా తీసేయాలట. శనివారం పొద్దున కుండీని లోపలికి లాగబోయాను. "నలుగురు పట్టాల్సిన బరువండీ, ఆగండి," అని మా ఆవిడ అంటూనే ఉంది. నేను వింటేనా? గడప దగ్గర ఎత్తబోతే చెయ్యి జారింది. కుండీ రెండు చెక్కలైంది, మట్టంతా గుమ్మంలో పడింది. ఆ మట్టిలో, వేళ్ళ పక్కన చిన్న గుంటలో, తెల్లగా ఏవో కనిపించాయి.

పొడుగ్గా, పెద్ద ఖర్జూరపు పండంత ఉన్నాయి. కోడిగుడ్డు పెంకులా గట్టిగా లేవు, తోలు తొడిగినట్టు ఉన్నాయి. లెక్కపెడితే ఏడు.

"సీ! ఐ టోల్డ్ యూ లా!" అని మా పాప, ఈ ఊరివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, గెంతింది. "నో బడీ బిలీవ్డ్ మీ!"

పాపకి తొమ్మిదేళ్ళు. కొన్ని వారాల కిందట కరివేపాకు చెట్టు మీద పాముని చూశానని చెప్పింది. గోధుమరంగు ఒళ్ళు, పక్కన పొడుగాటి చార, మెడ ఉబ్బిస్తే నీలం మెరుపు అని బొమ్మ కూడా గీసింది. మేము నవ్వి ఊరుకున్నాం. ఎందుకంటే అది ఆరేళ్ళప్పటినుంచీ పాముని పెంచుకుంటానని పోరుతోంది, ఈ దేశంలో పాముని పెంచుకోవడం నేరమని మేము చెబుతున్నాం. పెంచుకోనివ్వట్లేదని ఊహించుకుంటోంది అనుకున్నాం.

నేను చీపురూ చేటా కోసం లోపలికి తిరిగాను. పాముగుడ్లు కనపడితే ఎవరైనా చేసేది అదే కదా.

"ఆగండి! ముట్టుకోకండి!"

అత్తగారి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడకే సిగ్గేసినట్టుంది, వెంటనే తగ్గించి, "అలా ఉంచండి. కదపకండి. ఏ తల్లి పెట్టుకుందో ఏవిటో," అన్నారు. గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, పాపని పిలిచి, అమ్మ కాటుక పెన్సిలు తెమ్మన్నారు. పాప పరిగెత్తింది. ఆవిడ ఒక్కో గుడ్డు మీదికి వంగి, అది పడుకున్నది పడుకున్నట్టే ఉండగా, పైన కాటుకతో చిన్న చుక్క పెట్టారు. చెయ్యి కాస్త వణికింది. వణుకు ఆగేదాకా ఆగి, మళ్ళీ పెట్టారు.

"ఎందుకండీ అది?" అన్నాను.

"పొదగేసే గుడ్డుకి బొగ్గుతో గుర్తు పెడతామండి మేవు. లేకపోతే పెట్ట మళ్ళీ పెట్టిన గుడ్డూ, ఇదీ కలిసిపోతాయి. ఇక్కడ బొగ్గెక్కడిది? కాటుకైతే దిష్టి కూడా తగలదు."

ఈ పాము మళ్ళీ వచ్చి గుడ్డు పెడుతుందా అని అడగబోయి ఊరుకున్నాను. అలవాటు చేయించే పనికి కారణం అడిగితే ఏం చెబుతారు? ఆ తర్వాత ఆవిడ అన్నం వడ్డించే హస్తం తెప్పించుకుని, ఒక్కో గుడ్డునీ దాని కిందున్న మట్టితో సహా, కొంచెం కూడా పొర్లకుండా, ప్లాస్టిక్ పెట్టెలోకి దించారు. ఏడు గుడ్లకి ముప్పావుగంట పట్టింది. వరండాలో వెళ్ళే చైనా ముసలాయన ఆగి చూసి, తల ఊపి, చప్పుడు కాకుండా పక్కనుంచి తప్పుకుపోయాడు.

ఇక్కడ అడవి జీవుల్ని కాపాడే బృందం ఒకటుంటే, వాళ్ళకి ఫోటోలూ పాప గీసిన బొమ్మా పంపాను. ఒకరు ఫోన్ చేస్తారని జవాబొచ్చింది. అంతదాకా పెట్టె ఎక్కడుంచాలి అన్నది ప్రశ్నే కాలేదు. మా ఇంట్లో ఏసీ లేని గది ఒక్కటే. గుడ్లు పొదిగే మెషిను ఒకటి చిన్నది దొరుకుతుందేమో చూస్తానన్నాను. ఆవిడ ఇడ్లీపిండి గిన్నె పక్కన పెట్టె పెట్టి, "పిండి పొంగే చోట గుడ్డుకేం లోటండీ? ఈ ఊరే పెద్ద పొదిగే పెట్టలా ఉంది, దీనికి మళ్ళీ మెషినెందుకు?" అన్నారు.

ఆ రోజునుంచి ఆవిడ టికెట్టు మాట ఎత్తలేదు.

పెట్టెలో మట్టి తడి చూడటానికి గుప్పిట్లోకి తీసుకుని పిసికేవారు. ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, అరిసెల పిండికి చూసినట్టు. పొద్దునా సాయంత్రం గుడ్ల పక్కన గాల్లో అరచెయ్యి వెనకభాగం పెట్టి వేడి చూసేవారు. పాప తన చేపల తొట్టిలోని థర్మామీటరు తెచ్చి పెట్టె గోడకి అంటించి పరీక్ష పెట్టింది. "నిన్నటికంటే ఓ పిసరు చల్లబడిందమ్మా," అని అమ్మమ్మ అంటే, అది చూసి, "అమ్మమ్మా, యూ ఆర్ రైట్ లా. హాఫ్ డిగ్రీ," అనేది. మూడురోజులు పరీక్షించి, ఇంక థర్మామీటరు అక్కర్లేదని తీసుకెళ్ళి చేపలకిచ్చేసింది.

ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని, పెట్టెలో ఒక ఇనపముక్క ఉండాలన్నారు. సింగపూరులో ఉరమని వారమంటూ ఉండదు. ఇల్లంతా వెతికితే అన్నీ స్టీలే. చివరికి బీరువా బిగించినప్పుడు మిగిలిపోయిన, మరలు తిప్పే వంకర పుల్ల ఒకటి దొరికింది. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ సొరుగు అడుగున ఒకటి ఉంటుంది. పాప దానికి ఫ్రిజ్ అయస్కాంతం అంటించి చూసి, ఇనుమే అని తీర్పిచ్చింది. దాన్ని మట్టిలో ఒక మూల గుచ్చారు. నేను నవ్వాను. నవ్వే హక్కు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే అదే నా కొంప ముంచింది.

మా నాన్న తణుకు దగ్గర కోళ్ళ హ్యాచరీలో సూపర్‌వైజరు. నేను పెరిగింది ఆ మెషిన్ల హోరులో. వేల గుడ్లు ట్రేలలో నిలబెట్టి ఉండేవి. గంటకోసారి ట్రేలన్నీ ఒకేసారి ఒకవైపు నుంచి ఇంకోవైపుకి వంగేవి. "తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుందిరా," అనేవాడు నాన్న. వేసవి సెలవుల్లో కరెంటు పోతే, నేనూ మా అన్నయ్యా చేత్తో ట్రేలు తిప్పేవాళ్ళం. కాబట్టి గుడ్ల గురించి నాకు ఒకరు చెప్పాలా?

గురువారాలు ఇంటినుంచే పని. అత్తగారు పాపని తీసుకురావడానికి కిందికి వెళ్ళారు, ఆ రోజు ఒంటిపూట బడి. నేను మీటింగుల మధ్య ఆ గదిలోకి తొంగిచూశాను. అయిదురోజులుగా ఏడు కాటుక చుక్కలూ అలాగే పైకి చూస్తున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని చాదస్తాలు చేస్తారు, ఇనపముక్కలు గుచ్చుతారు, అసలు చేయాల్సిన పని చేయరేం? గుడ్డు తిప్పాలని ఇంత పెద్దావిడకి తెలియదా? చెబితే నొచ్చుకుంటారని, సాయం చేస్తున్నాననుకుని, నేనే ఒక్కోటి పట్టుకుని జాగ్రత్తగా బోర్లా తిప్పాను. ఏడు చుక్కలూ మట్టిలోకి వెళ్ళాయి. నాన్న ఉంటే మెచ్చుకునేవాడనుకుంటూ చేతులు కడుక్కున్నాను.

అత్తగారు వచ్చి భోజనం వడ్డించారు. పెరుగు వేస్తూ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత, "ఇంకాస్త వేసుకోండి," అన్నారు. వేసుకున్నాను.

తిని కంప్యూటరు ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఆ బృందంలోని ఆవిడ. వయసు మళ్ళిన గొంతు, ఇక్కడి ఇంగ్లీషు. పాప బొమ్మ చూడగానే పోల్చిందట. చెట్ల మీద తిరిగి బల్లుల్ని తినే పాము, విషం లేదు. కుండీ పగిలి చోటు ఎలాగూ చెడింది కాబట్టి పెట్టెలోనే ఉండనివ్వమంది. మెషిను అక్కర్లేదు, ఈ ఊరి వేడి చాలు, ఏసీ తగలకూడదు, ఎండ పడకూడదు అంది. పిల్లలవగానే ఫోన్ చేయమంది. నేను అన్నిటికీ ఊఁ కొట్టాను, అత్తగారు అన్నీ అలాగే చేశారు కదా అని గర్వంగా కూడా ఉంది. చివర్లో ఆవిడ మాటవరసకి అడిగినట్టు అడిగింది.

"అండ్ యూ నెవర్ టర్న్ దెమ్, హా?"

కోడిగుడ్డు వేరట, పాముగుడ్డు వేరట. పాముపిల్ల లోపల పెంకు పైభాగానికి అతుక్కుని పెరుగుతుంది. పెట్టినదాన్ని పెట్టినట్టు ఉంచాలి. తిప్పితే పిల్ల అడుక్కి పోయి ఊపిరాడక చచ్చిపోతుంది.

"నో, నో," అన్నాను. నలభైమూడేళ్ళ మనిషిని, ముక్కూమొహం తెలియని ఆవిడకి అంత తేలిగ్గా అబద్ధం చెప్పాను.

గదికి పరిగెత్తాను. అత్తగారు పెట్టె పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడ అక్కణ్ణుంచి కదలాలి. ఇంకేం తోచక, "అత్తయ్యగారూ, కొంచెం కాఫీ ఇస్తారా?" అన్నాను. ఆవిడ నన్ను ఒకసారి చూసి, "అలాగేనండి," అని వెళ్ళారు.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గుడ్డూ వెనక్కి తిప్పాను. ఆ చుక్కలు లేకపోతే ఏది పైనో ఏది కిందో ఏ దేవుడూ చెప్పలేడు. పొడుగ్గా, ఎటు తిప్పినా ఒకేలా ఉన్న గుడ్లు. చాదస్తమని నేను లోపల అనుకున్న చుక్క పట్టుకుని ఆరింటిని సరిగ్గా పెట్టగలిగాను. ఒకదాని చుక్క మాత్రం నా వేళ్ళ చెమటకి చెదిరి గీతలా సాగిపోయింది. దాన్ని ఉజ్జాయింపుగా పెట్టాను. అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది. కాఫీ ఆ రోజు ఎందుకో చాలా ఆలస్యంగా వచ్చింది, అదృష్టం బాగుందనుకున్నాను.

సాయంత్రం మా ఆవిడకి మెల్లిగా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, మంచం మీద కూర్చుండిపోయింది.

"మీకు తెలీదండీ," అంది. "మా ఊళ్ళో ఎవరు పెట్టని పొదగేసినా అమ్మ చేత వేయించుకునేవారు. అమ్మది మంచి హస్తవాసి అని వీధంతా గుడ్లు పట్టుకొచ్చేవారు. పన్నెండేస్తే పన్నెండూ లేచేవి. రెండేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైంది. ఆ ఏడు వేసిన గంప మొత్తం మురిగిపోయింది. పక్కింటావిడ గుడ్లు కూడా పోయాయి. 'నా చెయ్యి పోయిందే' అని గంప కడిగి అటకెక్కించేసింది. కోళ్ళన్నీ అమ్మించేసింది. ఆ తర్వాత మళ్ళీ గుడ్డు ముట్టుకోవడం ఇదే."

గుమ్మంలో కూర్చుని వణుకు ఆగేదాకా చుక్క పెట్టకుండా ఆగిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఈ గుడ్లు లేవకపోతే ఆవిడ నా చెయ్యిని అనుమానించరు, తన చెయ్యినే అనుకుంటారు.

"అమ్మకి చెప్పకండి," అంది మా ఆవిడ. "లేస్తే చెబుదురుగాని."

"లేవకపోతే?"

"లేవకపోతే అప్పుడు తప్పకుండా చెప్పాలి," అంది. అది ఇంకా కష్టమైన మాట.

మర్నాటినుంచి ఒక కొత్త పద్ధతి మొదలైంది. నేను ఆఫీసుకి బయల్దేరే ముందు గది గుమ్మంలోంచి పిలుపొచ్చేది. "అల్లుడుగారండీ, ఒక్కసారి పెట్టె ఎత్తిపెడతారా? నాకు చెయ్యి అదురుతుంది." కింద గుడ్డ మార్చడానికి నేను పెట్టె ఎత్తి పట్టుకునేవాణ్ణి. సాయంత్రం మట్టి అంచులకి నీళ్ళు చిలకరించడం కూడా నాకే అప్పగించారు. "గుడ్డు మీద పడకూడదండి. ఆయ్, అలా." నేను చేసిన ఘనకార్యం తెలియక నన్నింత నమ్ముతున్నారే అని లోపల కుమిలిపోయేవాణ్ణి. మా ఆఫీసులో ముప్పైమంది నా కింద పనిచేస్తారు. ఆ చిన్న పెట్టె దగ్గర మాత్రం ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి.

అయితే ఆ పదినిమిషాలు ఆవిడ పక్కన నిలబడి పనిచేయడంవల్లే ఆవిడెవరో నాకు తెలిసింది. అన్నేళ్ళుగా నాకు అత్తగారంటే చీర కొంగు సర్దుకుంటూ లేచి నిలబడే మనిషి. ఈ మనిషి వేరు. ఒక గుడ్డుకి చిన్న సొట్ట పడితే పొద్దున్నే కనిపెట్టి, తడి తగ్గిందని చెప్పి, తడిగుడ్డ పిండి పెట్టె మూతకి కట్టారు. రెండురోజుల్లో సొట్ట పూడింది. ఇంకోదాని పక్క బూజు దారంలా మొదలైతే, ఉతికిన పాత చీరముక్క కొనతో తాకీ తాకనట్టు తుడిచారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యగారూ, కోడిగుడ్లయితే రోజూ తిప్పాలి కదా? వీటిని మీరు తిప్పట్లేదేం?"

ఆవిడ పెట్టెలోంచి తల ఎత్తలేదు. "పెట్ట కూర్చుని పొదుగుద్ది, ముక్కుతో తిప్పుద్ది. ఈ తల్లి పెట్టేసి వెళ్ళిపోయిందిగా అండి. తిప్పాల్సినవే అయితే ఉండేది. తల్లి చెయ్యని పని మనకెందుకు?"

హ్యాచరీలో పెరిగినవాణ్ణి, ఇంజనీరింగు చదివినవాణ్ణి, ఈ ఆలోచన నా బుర్రకి తట్టలేదు. ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చూడకుండా, ఎప్పుడూ చూడని జీవి గుడ్లని ఆవిడ తల్లి వైపునుంచి ఆలోచించారు. నేను మెషిను వైపునుంచి ఆలోచించాను. ఆవిడంటే నాకు గౌరవం అప్పుడు మొదలైంది. అంతకుముందు ఉన్నది మర్యాద మాత్రమే.

డిసెంబరు వానలు పట్టుకున్నాయి. నాలుగురోజులు సూర్యుడు కనపడలేదు. కిటికీలు మూసినా గది చల్లబడింది. రెండోరోజు పొద్దున ఇడ్లీపిండి పొంగలేదు. అత్తగారి మొహంలో నేను మొదటిసారి భయం చూశాను. గిన్నె మూత తీసి, వేలు పెట్టి చూసి, మళ్ళీ మూసి, మంచం మీద కూర్చున్నారు. నేను ఫోన్ తీసి, "మెషిను తెప్పించేస్తానండి, సాయంత్రానికి వచ్చేస్తుంది," అన్నాను.

"వద్దండి. ఒక్కసారిగా వేడి తగిలినా ప్రమాదమే. ఇంట్లో వెచ్చగా ఉండే చోటు ఏదో ఒకటి ఉంటది, చూద్దాం."

పిండి గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగారు. ఎక్కడ పెట్టాలో చేత్తో తడిమి చూస్తున్నారు. నేను అంతకుముందే ఇంట్లో ఏసీలన్నీ ఆపేశాను. ఎవరూ అడగలేదు, మా ఆవిడ మాత్రం నా నుదురు తాకి జ్వరమేమో చూసింది. చివరికి ఫ్రిజ్ పక్క, గోడకీ దానికీ మధ్య బియ్యం డబ్బా మీద ఆవిడ చెయ్యి ఆగింది. ఫ్రిజ్ వెనకనుంచి వచ్చే గోరువెచ్చని గాలి అక్కడ తగులుతుంది. ముందు పిండి గిన్నె పెట్టి చూశారు. సాయంత్రానికి బుడగలు లేచాయి. అప్పుడు, "ఎత్తండి," అన్నారు. పెట్టెలో గుడ్లు పొర్లకుండా పదహారు అడుగులు నడిచాను. ముందు పాప దారి తుడుస్తూ, వెనక అత్తగారు. ఎండ వచ్చేదాకా గుడ్లూ పిండీ ఆ డబ్బా మీదే ఉన్నాయి.

కుండీ పగిలిన ఏడో వారంలో, ఒక శనివారం పొద్దున, పాప కేకతో లేచాను. ఒక గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గాటు పడింది. మధ్యాహ్నానికి అందులోంచి అగ్గిపుల్ల తలకంటే కొంచెం పెద్ద ముక్కు బయటికొచ్చింది, కళ్ళకి అడ్డంగా నల్లటి చార. నాలుక ఆడించి గాలి రుచి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. సాయంత్రానికి ఇంకో మూడింటికి గాట్లు పడ్డాయి. అత్తగారు స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నారు. నేను హాల్లోకి వచ్చినా లేచి నిలబడలేదు. చెప్పలేనంత సంతోషమేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆరు బయటపడ్డాయి. పెన్సిలుకంటే సన్నం, జానెడుకి పైనే పొడుగు. చుక్క చెదిరి గీతలా సాగిన గుడ్డు అన్నిటికంటే ఆఖర్న చీలింది. అందులోంచి తల కనపడగానే నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఏడోది లేవలేదు. దాని చుక్క మాత్రం చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉంది.

ఆ బృందంలోని ఆవిడ వచ్చింది. తెల్లజుట్టు, రబ్బరు చెప్పులు. పిల్లల్ని ఒక్కోటీ చూసి, "వెరీ గుడ్, ఆల్ సో స్ట్రాంగ్," అంది. ఎవరు చూసుకున్నారని అడిగితే పాప అమ్మమ్మని ముందుకు తోసింది. ఇద్దరు పెద్దావిడలూ ఒకరి భాష ఒకరికి రాకుండా చేతులు పట్టుకుని కాసేపు ఊపుకున్నారు. ఆవిడ చెప్పిన చోటే, బ్లాకు వెనక కాలవగట్టు పొదల్లో, పెట్టె పక్కకి వంచాను. ఒక్కోటి గడ్డిలోకి జారి, కొమ్మ దొరకగానే పైకెక్కిపోయింది. పాప అన్నిటికీ బై చెప్పింది.

అత్తగారు ఏడోదాన్ని ఇంకో మూడురోజులు ఉంచారు. నాలుగోరోజు గురువారం. దారికి అడ్డం రాకుండా వరండాలో కిటికీ కింద పెట్టిన కొత్త కుండీలో, మళ్ళీ నాటిన కరివేపాకు మొదట్లో దాన్ని పూడుస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. ఇంక దాచడం నావల్ల కాలేదు.

"అత్తయ్యగారూ, అది నా వల్లే పోయింది. మీరు పాపకోసం కిందికెళ్ళినప్పుడు నేను గుడ్లన్నీ తిప్పేశాను. తర్వాత మళ్ళీ సరిచేశాను. మీతో చెప్పలేదు."

"తెలుసండి," అన్నారు, మట్టి నొక్కుతూ.

"తెలుసా?"

"మీరు పెరుగన్నం కలుపుకోబోతుంటే, కడిగినా పోని కాటుక మీ వేళ్ళకి. వెళ్ళి చూత్తే చుక్కలన్నీ కిందికున్నాయి. తిప్పుదామంటే నా చెయ్యి అదురుతుంది. ఏం చెయ్యాలా అని నిలబడితే మీరొచ్చి కాఫీ అడిగారు. అన్నం తిన్న అరగంటకి మీరు ఏనాడు కాఫీ తాగారండీ? సర్లే, మీరే చూసుకుంటారని నెమ్మదిగా కాచాను."

"మరి నన్నెందుకు ఒక్క మాట అనలేదు? పైగా మర్నాటినుంచి రోజూ నన్నే పిలిచారు."

"అంటే మీరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కుతారా? అల్లుడుగారు కదా, నొచ్చుకుంటారు. నాకేమో చెయ్యి నిలవదు. పెట్టె ఎత్తడానికి ఇంకో చెయ్యి కావద్దా?" చేతులు దులుపుకున్నారు. "ఇది మీ చేతిలో పోయిందో, నా చేతిలో పోయిందో ఎవరికి తెలుసు? ఆరు లేచాయి. అవి కూడా ఇద్దరివీనీ."

ఆవిడ లోపలికి వెళ్ళారు. నేను కుండీ దగ్గరే ఉండిపోయాను. కాసేపటికి కిటికీలోంచి మావయ్యగారితో ఫోన్ మాట్లాడటం వినపడింది. చెరువు సంగతి అడిగారు, మందు వేసుకుంటున్నారా అని అడిగారు. టికెట్టు వచ్చే నెలకి తీయించమంటానని చెప్పారు.

"అన్నట్టు," అన్నారు, "అటక మీద గంప ఉంది చూడండి. దింపించి, ఎండలో పెట్టించండి. నేనొచ్చాక పెట్టని పొదగెయ్యాలి."